క్రైమ్ పాలసీ ఉద్యోగాలు సిటిజన్లకేనా?

సందేహం: హైదరాబాద్‌లో లా చేశాను. ఇప్పుడు షికాగోలో పబ్లిక్ పాలసీ మాస్టర్స్‌లో చేరాను. పోలీసు, కోర్టు, జైళ్ల విధానాల మీద పనిచేయాలని ఉంది. సీనియర్లేమో "అవన్నీ సిటిజన్లకే, డేటా సైన్స్‌కి మారిపో" అంటున్నారు.

సమాధానం: వాళ్లన్నది సగం నిజమమ్మా. జస్టిస్ డిపార్ట్‌మెంట్, ఎఫ్‌బీఐ లాంటి ఫెడరల్ ఉద్యోగాలు దాదాపు అన్నీ సిటిజన్లకే. వాటికి అప్లై చేస్తూ కూర్చోకండి. అయితే ఈ దేశంలో పోలీసు ఏజెన్సీలే సుమారు 18,000. ఊరికొకటి, కౌంటీకొకటి, కొన్ని యూనివర్సిటీలకు సొంతంగా ఒకటి. వీటి పనితీరు మీద పరిశోధన చాలావరకు యూనివర్సిటీ సెంటర్లలో, నాన్‌ప్రాఫిట్ సంస్థల్లో జరుగుతుంది. మీ ఊళ్లోనే యూనివర్సిటీ ఆఫ్ షికాగో క్రైమ్ ల్యాబ్ ఉంది. యూనివర్సిటీలు, నాన్‌ప్రాఫిట్ పరిశోధన సంస్థలు లాటరీతో పనిలేకుండా హెచ్1బీ ఉద్యోగ వీసాకు అప్లికేషన్ వేయగలవు. అన్ని నాన్‌ప్రాఫిట్‌లకూ ఆ వెసులుబాటు లేదు, ఇంటర్వ్యూలోనే అడిగేయండి. జీతం మాత్రం సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోల్చుకునేలా ఉండదు. లోన్ మీద వచ్చి ఉంటే ఆ లెక్క ఇప్పుడే వేసుకోండి.

మీ ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన వీసా పత్రం) తీసి సీఐపీ కోడ్, అంటే మీ కోర్సు ఏ కోవలోదో చెప్పే నంబరు చూడండి. అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోడ్ కాకపోతే ఓపీటీ, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసే గడువు 12 నెలలే. స్టెమ్ అయితే ఇంకో 24 నెలలు కలుస్తాయి. ఈ సెమిస్టర్‌లోనే ఇంటర్నేషనల్ ఆఫీసులో కనుక్కోండి.

సీనియర్ల మాటలో పనికొచ్చేది ఒకటుంది: డేటా రావాలి. షికాగో నగరం 2001 నుంచి నమోదైన నేరాల పట్టికను ఆన్‌లైన్‌లో పెట్టింది. ఒక్కో వరుసలో నేరం రకం, జరిగిన చోటు, అరెస్టు అయిందా లేదా అన్నీ ఉంటాయి. ఇంటి నంబరు మాత్రం బ్లాకు వరకే చూపిస్తారు. ఏదో ఒక నేరం తీసుకుని, ఏ ప్రాంతంలో అరెస్టుల శాతం ఎంతో లెక్కగట్టి రెండు పేజీలు రాయండి. రెజ్యూమె కంటే అది బాగా పనిచేస్తుంది.

ఇక్కడ మీ లా చదువు అక్కరకొస్తుంది. మన దేశంలో నేరాల లెక్కలు కట్టే ఎన్‌సీఆర్‌బీ ఒక ఎఫ్ఐఆర్‌లో ఎన్ని సెక్షన్లున్నా పెద్ద నేరాన్నే లెక్కిస్తుంది కదా, ఎఫ్‌బీఐ పాత పద్ధతీ దాదాపు అంతే. 2021లో పూర్తిగా నైబర్స్ (NIBRS) అనే కొత్త నమోదు పద్ధతికి మారాక ఒకే ఘటనలోని నేరాలు విడివిడిగా నమోదవుతున్నాయి. ఆ ఏడాదికల్లా న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ పోలీసులే మారలేదు, వాళ్ల లెక్కలు అందులో చేరలేదు. కాబట్టి 2021 జాతీయ అంకెలు చూపించి "నేరాలు తగ్గాయి, పెరిగాయి" అని వాదించేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

ఒక ఉదయం ఖాళీ చేసుకుని షికాగోలోనే ట్వంటీ సిక్స్త్ స్ట్రీట్, కాలిఫోర్నియా ఎవెన్యూ కలిసేచోట ఉన్న క్రిమినల్ కోర్టుకు వెళ్లి కూర్చోండి, విచారణలు ఎవరైనా చూడొచ్చు. షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రం 2023 సెప్టెంబరు 18 నుంచి నగదు బెయిల్‌ను పూర్తిగా ఎత్తేసింది, దేశంలో మొదటి రాష్ట్రం అదే. డబ్బు, జామీను ప్రసక్తి లేకుండా మనిషిని లోపల ఉంచాలా వద్దా అన్నది జడ్జి ఎలా తేలుస్తారో, నాంపల్లి కోర్టు చూసిన మీకు వేరే చెప్పక్కర్లేకుండా అర్థమవుతుంది. ఫోన్ లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కుని వెళ్లండి.