2010 బోర్డోకి ఒకరు 97, ఇంకొకరు 17 ఇచ్చారు: ఎవరిని నమ్మాలి?

మీ అన్నయ్య పారిస్ నుంచి హైదరాబాద్ వస్తూ ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో 2010 పంటతో చేసిన రెడ్ వైన్ తెస్తానన్నారనీ, దానికి ఒక విమర్శకుడు 100కి 97 ఇస్తే ఇంకొకరు 20కి 17 మాత్రమే ఇచ్చారనీ, డబ్బు దండగ అవుతుందేమోననీ అడిగారు. టెన్షన్ పడకుండా తెప్పించుకోండి. ఆ ఇద్దరూ దాదాపు ఒకే మాట చెప్పారు.

20కి 17 అంటే మన బడి లెక్కలో 85 శాతం. వైన్ మార్కులకి ఆ లెక్క పనికిరాదు. బ్రిటన్ వైన్ విమర్శకురాలు జాన్సిస్ రాబిన్సన్ వాడే 20 మార్కుల పద్ధతిలో 15 అంటే తప్పుల్లేని మామూలు వైన్, 17 అంటే మేలురకం, 12కి దిగితే లోపం ఉన్నట్టే. అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన 100 మార్కుల పద్ధతి మొదలయ్యేదే 50 దగ్గర. అందులో 90 దాటితే చాలా మంచిది, 96 దాటితే అసాధారణం.

నా అనుభవంలో మార్కు కంటే దాని కింద రాసిన నాలుగు వాక్యాలే ముఖ్యం. నేను తులూజ్‌లో ఉంటాను. ఇక్కడ సెప్టెంబరు వచ్చిందంటే సూపర్‌మార్కెట్లలో వైన్ల సంత పెడతారు. 2013లో అలాంటి సంతలో బోర్డోలోని సెంట్ ఎస్తెఫ్ ఊరి 2010 వైన్ మూడు సీసాలు కొన్నాను. పక్కనున్న అట్టముక్క మీద పెద్దక్షరాలతో 94 అని ఉంది. ఎప్పుడు తాగాలో మాత్రం ఎక్కడా రాయలేదు. ఆ డిసెంబరులోనే ఒకటి తీశాం. గ్లాసులో సిరాలా నల్లగా ఉంది. ఒక్క గుక్క తాగేసరికి పచ్చి జామపిందె కొరికినంత వగరు! నాలుక గరుకెక్కింది, చిగుళ్లు పట్టేశాయి. మా ఆవిడ గ్లాసు పక్కన పెట్టేసింది. 94 ఇచ్చినాయన మీద నాకు నిజంగా కోపం వచ్చింది. తర్వాత ఆయన రాసిన పూర్తి నోట్ వెతికి చదివితే, చివర్లో "2018 నుంచి 2035 వరకు తాగవచ్చు" అని ఉంది.

2018లో రెండోది తీస్తే చాలా నయం. మూడోది 2023 సంక్రాంతికి మటన్ వేపుడుతో తాగాం. గ్లాసు అంచున ఇటుక రంగు తిరిగింది, సీసా అడుగున మడ్డి చేరింది. వగరు ఇంకా ఉంది కానీ నేరేడుపండు తిన్నాక నాలుక మీద మిగిలేపాటిదే. దాని వెనక దేవదారు పెట్టె మూత తీసినప్పటి వాసన. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా మా ఆవిడ దాన్ని వాసన చూస్తూ కూర్చుంది.

2010లో బోర్డోలో వేసవి పొడిగా గడిచింది, రాత్రుళ్లు చల్లగా ఉన్నాయి. దాంతో ద్రాక్షలు చిన్నవిగా, తొక్కలు దళసరిగా వచ్చాయి. వగరు వచ్చేది తొక్కల నుంచీ గింజల నుంచే. చల్లటి రాత్రుల వల్ల పులుపు కూడా నిలిచింది. ఇలాంటి వైన్ ఏళ్ల తరబడి ఉంటుంది, తొందరపడితే మాత్రం నోరు పట్టేస్తుంది. అంతకుముందు ఏడాది 2009 వేరు. పండు రుచి ముందే నోటికి తగులుతుంది, వగరు మెత్తగా ఉంటుంది. ఆ ఏడాది వైన్లు సీసాల్లోకి వచ్చాక పార్కర్ డజనుకు పైగా వాటికి 100కి 100 వేశారు. ఈ రెంటిలో ఏది గొప్పదన్న వాదన ఇప్పటికీ తెగలేదు. నా ఓటు 2010కే.

ఇంకో సంగతి. మొదటి మార్కులు పడేటప్పటికి వైన్ ఇంకా తయారై ఉండదు. శరదృతువులో కోసిన పంటను మరుసటి వసంతంలోనే, పీపాల్లో ఉండగా రుచి చూస్తారు. దీన్నే ఆన్ ప్రిమూర్ అంటారు. సీసాల్లోకి వెళ్లడానికి ఇంకో ఏడాదికి పైగా పడుతుంది. ఆవకాయ కలిపిన మూడో రోజు తిరగకలుపుతూ మా అమ్మమ్మ వేలికి అంటింది నాలుక మీద పెట్టుకుని, "ఉప్పు సరిపోయింది, ఏడాది నిలుస్తుంది" అనేది. పీపా దగ్గర వేసే మార్కూ అలాంటి అంచనాయే. అందుకే చాలామంది 95–97 అని రెండంకెలు ఇచ్చి, సీసాలోకి వచ్చాక మళ్లీ రుచి చూసి ఒక అంకెకి వస్తారు. మీ 97 పీపాదా, సీసాదా కనుక్కోండి.

విమర్శకులు నిజంగా విడిపోయిన సందర్భం 2003 షాతో పావీ. బోర్డోలో షాతో అంటే సొంత ద్రాక్షతోటతో వైన్ చేసే ఎస్టేట్. ఆ ఆగస్టులో ఐరోపా ఎండకి మాడిపోయింది. సెంట్ ఎమిలియోన్‌లోని ఆ తోట వైన్‌ని పార్కర్ ఆకాశానికెత్తితే, రాబిన్సన్ 20కి 12 ఇచ్చి, ఆలస్యంగా కోసిన జిన్‌ఫాండెల్‌లా (కాలిఫోర్నియాలో పేరున్న ద్రాక్ష రకం) ఉంది తప్ప బోర్డోలా లేదన్నారు. ఒకరికి చిక్కదనం, పండిన రుచి ఇష్టం. ఇంకొకరికి తాజాదనం కావాలి. అక్కడ ఏ లెక్కా ఇద్దరినీ కలపలేదు. అలాంటప్పుడు మన నాలుక ఎవరి నాలుకకి దగ్గరో చూసుకోవడమే. నాకు రాబిన్సన్ నోట్సే ఎక్కువ కలుస్తాయి.

అన్నయ్యని షాతో పేరు, విమర్శకుల నోట్‌లో తాగమన్న ఏళ్లు పంపమనండి. ఆ ఏళ్లు మొదలై ఉంటే ఇక దాచొద్దు. మే నెల ఎండల్లో వంటింటి అటక మీద పెడితే ఎన్ని మార్కుల వైనైనా పాడవుతుంది. తాగేదాకా ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. తాగే ముందు రోజు సీసాని నిలబెడితే మడ్డి అడుక్కి దిగుతుంది. ఒక గంట ముందు మెల్లగా జగ్గులోకి వంచండి, మడ్డి కనిపించగానే ఆపేయండి. పక్కన మటన్ వేపుడు పెట్టుకోవచ్చు, కానీ పచ్చిమిర్చి తగ్గించి మిరియాలు వేయమనండి. నోరు మండుతుంటే ఈ వైన్ వగరు రెండింతలు అనిపిస్తుంది.