వానపడితే వాకిలి ఎవరిది, కాల్వ ఎవరిది?

ప్రశ్న: మాది తిరుపతి రూరల్. అయిదు సెంట్లలో ఇల్లు, వెనక పెరడు. ఒక మామిడి, ఒక మునగ, రెండు కొబ్బరి చెట్లు, తులసికోట. ఉగాది పోయినప్పటి నుంచి రెండు రోజులకోసారి సాయంత్రం గాలీవానా. పొద్దున లేస్తే ఎక్కడ చూసినా ఆకు, పిందెలు, బురద. నాకు ఎనిమిదిన్నరకు ఆఫీసు బస్సు. మా అత్తకు 67 ఏళ్లు. అయిదింటికే పొరక పట్టుకుంటారు, పోయిన వారం పాచి మీద జారి మోకాలు వాచింది. నేను ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తారు. మా ఆయన్ను అడిగితే “చెప్పుంటే చేసేవాణ్ణి కదా, లేకుంటే మనిషిని పెట్టుకో” అంటారు. 11, 8 ఏళ్ల పిల్లలున్నారు. కసువు దగ్గర మొదలై ఇంట్లో మాటలే తగ్గిపోయాయి.

జవాబు: ముందు మోకాలి సంగతి. వారమైనా వాపు తగ్గకపోతే, కాలు మోపితే నొప్పి పుడితే, నూనె మర్దనాలు ఆపి ఎముకల డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీయించండి. ఆ వయసులో చిన్న చీలిక కూడా పైకి బెణుకులాగే కనిపిస్తుంది. తీసుకెళ్లేది కొడుకే అయితే మంచిది. ఎందుకో కింద చెప్తాను.

మీ ఇంట్లో పనులు ఎండ రోజుల లెక్కన పంచుకున్నవి. ఎండలో వాకిలి పదిహేను నిమిషాల పని. వానపడితే అదే పని ముప్పావు గంటకు పెరుగుతుంది, దానికి కాల్వ, పాచి, విరిగిన కొమ్మ తోడవుతాయి. ఈ కొత్త పనులు ఎవరివో ఎవరూ అనుకోలేదు కాబట్టి మీ ఇద్దరి మీదే పడ్డాయి. మీ అత్త మళ్లీ ఊడుస్తున్నది మిమ్మల్ని తప్పు పట్టడానికే అనుకోకండి. వాకిలి ఆమె ఇన్నేళ్లుగా చూసుకున్న చోటు. “మీకు వయసైపోయింది, ఇక వదిలెయ్యండి” అంటే ఆ పని మీద ఆమెకున్న పెద్దరికాన్ని తీసేసినట్టే. ఆమె దగ్గర తీసెయ్యాల్సింది ప్రమాదాన్ని మాత్రమే.

“అత్తా, గడప, తులసికోట మీవి. తెల్లారినాక చెయ్యండి. వాన పడిన రోజు ముగ్గు వసారాలో వేద్దాం” అనండి. తడి సిమెంటు మీద పేడకల్లాపి చల్లితే జారుడుబండే, పైగా తర్వాతి జల్లుకు కొట్టుకుపోతుంది. ఆమె వాడే హవాయి చెప్పులు తిరగేసి చూడండి. గాళ్లు అరిగి నున్నగా ఉంటే ఈ రోజే మార్చండి. వట్టికాళ్లూ వద్దు, పగుళ్లున్న కాళ్లతో ఎలుకలు తిరిగే మురికినీళ్లలో నిలబడితే ఎలుకజ్వరం వచ్చే వీలుంది. ఊడ్చింది ఎక్కడ నచ్చలేదో కూడా ఒకసారి నేరుగా అడగండి. చాలా ఇళ్లలో అది తులసికోట చుట్టూ రెండడుగుల మేరే ఉంటుంది. ఆ రెండడుగులూ ఆమె చెప్పినట్టు చేస్తే, మిగతాది సాయంత్రం దాకా ఆగినా ఏమీ అనరు.

తడి ఆకు పొద్దున్నే ఊడ్వడం దండగ పని. నేలకు అతుక్కుని ఉంటుంది, చీపురు ఈనెలు విరుగుతాయి. నడిచే దారి ఒక్కటి తుడిచి, మిగతాది ఎండ పడ్డాక చూసుకోండి. మామిడి కింద ఆకు అట్లాగే ఉండనివ్వచ్చు, మొదలు నుంచి ఒక అడుగు దూరం జరిపితే చాలు. రాలిన కాయలు మాత్రం రోజూ ఏరాలి. కుళ్లిన వాటిలో పండుఈగ పురుగులు పెరిగి, మట్టిలోకి దిగి, మళ్లీ ఈగలై పైనున్న కాయల మీదికి పోతాయి. ఇది పెద్దపిల్ల పని అనుకుందాం. గట్టివి పప్పుకు, అప్పటికప్పుడు చేసుకునే పచ్చడికి. ఏడాది ఊరగాయకు రాలినవి వద్దు, దెబ్బ తగిలిన చోటే బూజు మొదలవుతుంది (ఈ తీర్పు మీ అత్తకే వదిలెయ్యండి, ఏ కాయ దేనికో ఆమెకే బాగా తెలిసి ఉంటుంది). చిన్నవాడికి ఆదివారం కొబ్బరి చిప్పలు, కుండీల కింది పళ్లాలు, ఫ్రిజ్ వెనక ట్రే. నీళ్లు పారబోస్తే సరిపోదు, లోపలి గోడ పీచుతో తోమాలి. డెంగీ దోమ గుడ్లు అక్కడ అంటుకుని ఎండినా బతికే ఉంటాయి. గుడ్డు దోమయ్యేది వారం, పది రోజుల్లో. అందుకే ఏ వారమూ తప్పకూడదు.

పాచి వాన తెరిపిచ్చిన రోజు తీయాలి. పది లీటర్ల నీళ్లకు రెండు గుప్పెళ్ల బ్లీచింగ్ పౌడరు కలిపి, పాచి మీద పోసి, ఇరవై నిమిషాలాగి గట్టి బ్రష్షుతో రుద్ది కడగండి. చేతికి గ్లౌజులుండాలి, పిల్లలు లోపల ఉండాలి, ఆ నీళ్లు చెట్ల మొదళ్లకు పోకూడదు. బాత్రూమ్ కడిగే యాసిడ్ అందులో చుక్క కూడా కలపొద్దు, ఊపిరాడని గ్యాస్ వస్తుంది. ఇంత చేసినా పక్షం రోజుల్లో పాచి మళ్లీ వస్తే తప్పు మీ రుద్దుడుది కాదు, వాటానిది. నీళ్లు అక్కడే నిలుస్తున్నాయి.

ఆ వాటం మీ ఆయన పని. “చెప్పుంటే చేసేవాణ్ణి” అనే మాటలో, ఏ పని ఎప్పుడు చెయ్యాలో గుర్తుపెట్టుకునే బరువు మీ నెత్తినే ఉండిపోతుంది. మనిషిని పెట్టుకోమనడమూ అంతే. మనిషిని వెతకాలి, ఫోన్ చెయ్యాలి, దగ్గరుండి చేయించాలి, డబ్బివ్వాలి. ఆ సలహా ఎవరిచ్చారో ఈ నాలుగూ వాళ్లవే. అందుకే సాయం అడగకండి, పనిని మొత్తంగా అప్పజెప్పండి. వాన వెలిసి కాళ్లకు బురదతో ఉన్నప్పుడూ, అత్త ముందరా కాదు. అన్నాలయ్యాక ఇద్దరే ఉన్నప్పుడు, “కాల్వ, మునగచెట్టు, కూలిమనిషి, అత్తను డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం, ఈ నాలుగూ మీవి. నేను గుర్తు చెయ్యను” అని చెప్పి ఊరుకోండి. మీ అత్తకూ ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే కాల్వ నిండిన ప్రతిసారీ కేక మీకే వినిపిస్తుంది.

మొదటి రెండు వారాలు ఆయన మర్చిపోతారు. నీళ్లు నిలుస్తాయి. మీరు పార పట్టుకుని దిగారంటే కథ మళ్లీ మొదటికే. అత్త నడిచే దారిలో నీళ్లుంటే ఆ దారికి అడ్డంగా ఒక కుర్చీ పెట్టండి, అంతే.

మునగకొమ్మ పెళుసు. తడి చెట్టు ఎక్కడం, నిచ్చెన వెయ్యడం ఎవరికీ వద్దు. రెండు రోజులు ఎండ కాశాక కింద నిలబడి దోటీతో వంగిన కొమ్మలు తీయించాలి. మామిడిలో ఎండినవి, విరిగినవి తప్ప కాయ దిగేదాకా ఏదీ కొట్టొద్దు. ఉరుము వినబడితే పిల్లలతో సహా అందరూ లోపలికే. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా తీగ మీది బట్టలు తడిస్తే తడవనీ.

ఈ ఆదివారం కాల్వ మొదట్లో ఆయన చేత రెండు బకెట్ల నీళ్లు పోయించండి. ఎక్కడ ఆగితే అక్కడే పూడిక, లేదా వాటం లేదు. పది అడుగులకు అంగుళం పైన వాటం ఉంటే నీళ్లు వాటంతటవే పోతాయి. ఆ చోటు ఆయనే కనిపెట్టాలి. ఆ కాసేపు మీరు పెరట్లోకి రాకండి.