గోడలు మాట్లాడవమ్మా

అమ్మాయీ,

నీ వ్యాసం చేరి పది రోజులైంది. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయి పక్కన పడేశాను. "గోడలు మాట్లాడతాయి" అన్నావు. మాట్లాడవు. మా ఇంటి గోడని నలభై ఏళ్లుగా చూస్తున్నాను, సున్నం రాల్చడం తప్ప ఒక్క ముక్క మాట్లాడిన పాపాన పోలేదు. ఈమధ్య వీధి బొమ్మల గురించి రాసే ప్రతివాళ్లకీ ఇదే ఎత్తుగడ. ఎవరు అలవాటు చేశారో గానీ, వాళ్ల చేతికి ఒక బ్రష్షిచ్చి మే నెల ఎండలో నిలబెట్టాలి.

నిన్న కరెంటు పోయి, ఏమీ తోచక మళ్లీ తీశాను. శ్రద్ధగా చదివే రాశావని తెలుస్తోంది, సరే.

సి215 అని సంతకం చేసే ఆ ఫ్రెంచి చిత్రకారుడు, క్రిస్టియన్ గేమీ, ప్యారిస్ 13వ వార్డు టౌన్‌హాలు ముందున్న పోస్టు డబ్బాల మీద సిమోన్ వేయ్ ముఖం వేశాడు. ఆవిడ ఆష్విట్జ్ అనే నాజీల చావు శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడిన మనిషి. ఫ్రాన్సులో మంత్రిగా ఉండి 1975లో గర్భస్రావానికి అనుమతిచ్చే చట్టం తెచ్చిన మనిషి. 2019 ఫిబ్రవరిలో ఎవడో వచ్చి ఆ ముఖాల మీద నాజీల స్వస్తిక గీసిపోయాడు. చిత్రకారుడు బొమ్మల్ని మళ్లీ బాగుచేశాడు. ఇంత సంగతి చేతిలో పెట్టుకుని నువ్వేం చేశావు? రెండు లైన్లలో తేల్చేసి, "ప్రతిఘటనకు ప్రతీక" అని మూత పెట్టేశావు. నాకు ఆ డబ్బా కావాలమ్మా. ఇటుక గోడలా రేకు రంగుని పీల్చుకోదు, స్ప్రే కాస్త దగ్గరగా కొడితే చాలు, కారిపోతుంది. మరి ఆ కళ్ల కింది ముడత అంత సన్నగా ఎలా నిలిచింది? అది చెప్పాక ప్రతీకలు చెప్పు, వింటాను. చెయ్యి ఏం చేసిందో చెప్పకుండా అర్థం చెప్పేవాళ్లని నేను నమ్మను. మొండితనం అనుకో.

అతను వేసేది స్టెన్సిల్‌తో, అంటే బొమ్మ ఆకారం కోసిన అట్టని ఆనించి పైనుంచి స్ప్రే కొట్టడం. కోసిన చోటే రంగు పడుతుంది, కొయ్యని చోట పడదు. చెప్పడానికి ఇంతే. కానీ ఒక సున్నా గీసి చుట్టూ కోసి చూడు, మధ్య ముక్క ఊడి కింద పడుతుంది. అది నిలవాలంటే అక్కడక్కడా సన్నటి పట్టీలు కొయ్యకుండా వదలాలి. ఈ పని చేసేవాళ్లు వాటిని బ్రిడ్జిలంటారు. 1981లో ప్యారిస్ గోడల మీదికి బ్లెక్ ల రా అనే చిత్రకారుడు స్టెన్సిల్‌తో వదిలిన నల్ల ఎలకలకి ఇంత తంటా లేదు, ఆకారం కోస్తే ఎలక వచ్చేస్తుంది. మనిషి ముఖానికి అలా కుదరదు. కనుపాపలో మెరిసే చుక్క ఉంది చూశావూ, దానికీ ఎక్కడో ఒక ఆధారం కావాలి. సి215 బొమ్మల్లో ఆ పట్టీలు వెతికినా దొరకవు. ముడతల్లో, వెంట్రుకల్లో కలిసిపోతాయి. నీ నాలుగు పేజీల్లో వాటి ఊసే లేదు.

నాకిది ప్యారిస్ నేర్పలేదు. కుర్రతనంలో నలుగురం కలిసి సైక్లోస్టైల్ పత్రిక తెచ్చేవాళ్లం. మైనం కాగితం మీద ఇనుప కలంతో గీకి రాయాలి, ఆ గీతల్లోంచి సిరా దిగి కింది కాగితం మీద అచ్చు పడుతుంది. అదీ స్టెన్సిలే. కాస్త గట్టిగా నొక్కామా, సున్నా మధ్య ముక్క ఊడిపోయి అచ్చులో నల్లటి బొట్టు దిగేది. తెలుగులో సున్నాలకేం తక్కువ! నేనేమో అందం, గంధం, బంధం అని ప్రాస కట్టి కవిత రాశాను. నూట యాభై కాపీలు తిప్పాక చూస్తే కవిత నిండా బొట్లే, మశూచి పోసినట్టు. పూత పూసి సరిచేసుకునే ఎర్ర మందు దొరికేది గానీ, ఆ సీసా ఖరీదు మాకు రెండు వారాల టీ. అందుకని సున్నా లేని మాటలు వెతుక్కుంటూ కవిత మొత్తం తిరగరాశాను. ప్రాస పోయింది. నేను రాసినవాటిలో మొదటి మంచి కవిత అదే.

చాలా ఏళ్లకి ఈ సంగతే ఒక ఆదివారం సంచికకి రాసిస్తే, ఎడిటర్ గారు మైనం కాగితం పేరా మొత్తం ఎత్తేశారు. "పాఠకులకి ఇదంతా ఎందుకండీ" అన్నారు. మిగిలింది అక్షరం మీద నాకున్న ప్రేమ గురించి నాలుగు పేరాల సోది. అది కనబడితే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఏ పత్రికకి పంపమంటారు అని అడిగావు కదా, నన్నడక్కు.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, నాలుగో పేజీ చివర బ్రాకెట్లో ఒక మాట దాచావు. పాత ఎక్స్‌రే ఫిల్ము మీద అమ్మమ్మ ముఖం గీసి కోస్తుంటే ఎడమ కన్ను మొత్తం ఊడి నీ ఒళ్లో పడిందని. పడుకుని చదువుతున్నవాణ్ని లేచి కూర్చున్నాను. అది బ్రాకెట్లో పెట్టే సంగతా? ఆ ఎక్స్‌రే ఎవరిది, అమ్మమ్మదేనా? ఏ బ్లేడుతో కోశావు? కన్ను లేకుండానే గోడ మీద కొట్టావా, టేపుతో అతికించావా? ఆవిడ చూసి ఏమంది? ముందు మూడు పేజీలూ చించెయ్, ఇక్కణ్నుంచి మొదలుపెట్టి రాయి. సి215ని తర్వాత పిలుద్దాం, ఎక్కడికీ పోడు.

ఆ ఫిల్ము పారెయ్యకుండా ఉంటే వ్యాసంతో పాటు పంపు, చూస్తాను. అటూ ఇటూ అట్టముక్కలు పెట్టు, కవర్లో మడత పడకుండా.