విమానం మ్యూజియానికి అరగంట చాలదు, తాతయ్యను కూడా తీసుకెళ్లండి

విజయవాడ నుంచి పిల్లలతో కారులో వైజాగ్ వెళ్తున్నాం, బీచ్ రోడ్డులోని, నేవీ వాడి రిటైర్ చేసిన టీయూ-142 విమానం మ్యూజియానికి అరగంట సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. అరగంటే ఉంటే అసలు వెళ్లకండి. కనీసం రెండు గంటలు పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వెంట తీసుకెళ్లండి.

మేం మొన్న సంక్రాంతి సెలవుల్లో వెళ్లాం. మా నాన్న ఆటోనగర్‌లో 35 ఏళ్లు లేతు మీద పనిచేశారు. "మోకాళ్ల నొప్పులతో నేనెందుకురా, మీరెళ్లి రండి" అన్నారు. పట్టుబట్టి ముందు సీట్లో కూర్చోబెట్టాను. దాదాపు 350 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయల్దేరి, రావులపాలెంలో పూతరేకుల కోసం ఒకసారి, టిఫిన్‌కి ఒకసారి ఆగాం. ఆ టిఫిన్ హోటల్లో నలుగురు తింటే ఆరు వందలైంది, బాత్రూంలో మాత్రం చుక్క నీళ్లు లేవు. మోకాళ్లు వంగని మనిషిని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకు ఇదే అసలు టెన్షన్. హైవే మీద అన్ని టోల్ గేట్లు కడుతున్నాం, పెద్దవాళ్లు కూర్చోగలిగే శుభ్రమైన బాత్రూం అడగడం అత్యాశేం కాదు.

ఇక మ్యూజియం సంగతి. లోపల విమానం ఇంజన్ ఒకటి, ప్రొపెల్లరూ విడిగా పెట్టారు. నాన్న అక్కడే ఆగిపోయారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, వంగి చూశారు. మావాడు ఆరో తరగతి. "తాతయ్యా, ఒక ఇంజన్‌కి రెండు ఫ్యాన్లెందుకు?" అనడిగాడు. నాన్న రెండు అరచేతులూ ఒకదాని వెనక ఒకటి పెట్టి, ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పి చూపించారు. "ముందుది గాలిని మెలితిప్పి వెనక్కి తోస్తుందిరా నాన్నా. ఆ మెలికలో పోయే బలం దండగే కదా. వెనకది ఎదురు తిరిగి దాన్ని సాపు చేస్తుంది. అంటే షాఫ్టులో షాఫ్టు ఉండాలి. దానికి గేర్లు కోసినవాడి చెయ్యి ఎలాంటిదో!" అన్నారు. ఒక్కో ఇంజన్ బలం దాదాపు 15 వేల హార్స్‌పవర్. అలాంటివి నాలుగు. అంటే మొత్తం ఎనిమిది ప్రొపెల్లర్లు, 32 రెక్కలు. వాడు బయటికొచ్చి ఒక్కొక్కటీ వేలుపెట్టి లెక్కపెట్టాడు.

వెనక నుంచి ఒకటే గోల, "జరగండి, జరగండి" అని. సెల్ఫీ దిగి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. మావాడి స్కూలు వాళ్లయితే రెండేళ్లుగా టూర్ అంటే వాటర్ పార్కుకే తీసుకెళ్తున్నారు. ఇలాంటి చోటికి పిల్లల్ని తీసుకురాకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

ఒక మాట గట్టిగా చెప్తాను. ముందు రోడ్డుకు అవతల ఉన్న కురుసుర సబ్‌మెరైన్ ఎక్కండి, తర్వాతే విమానం. కురుసుర 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది. ఈ విమానం పని సముద్రంలో దాక్కున్న సబ్‌మెరైన్లను వెతికి పట్టడం. పైనుంచి సోనోబాయ్‌లనే గొట్టాలు నీళ్లలోకి జారవిడుస్తారు, అవి కింది చప్పుడు విని పైకి చెప్తాయి. ఆ గొట్టాలు కూడా లోపల ఉన్నాయి. సబ్‌మెరైన్‌లో ఇరుకు దారుల్లో తల వంచుకుని నడిచి వచ్చాక ఇవి చూస్తే, దాక్కునేవాళ్ల కష్టం, వెతికేవాళ్ల కష్టం రెండూ పిల్లలకు అర్థమవుతాయి. మేం మాత్రం ముందు విమానం, తర్వాత సబ్‌మెరైన్ చూశాం. మా చిన్నది అన్నీ రెండోసారి అడిగింది.

అప్పటి సోవియట్ యూనియన్ నుంచి 1988లో వచ్చిన ఈ విమానాలు 2017 దాకా, 29 ఏళ్లు ఎగిరాయి. 30 వేల గంటలు, ఒక్క ప్రమాదం లేదు. ఈ లెక్క చదివాక నాన్న పైలట్ల గురించి కాక, "కింద నట్లు బిగించినవాళ్లు ఎంత జాగ్రత్తగా బిగించారో" అన్నారు. ఆ మనుషుల గురించి అక్కడ ఒక పెద్ద బోర్డు పెట్టాలని నా కోరిక.

తిరుగు ప్రయాణంలో నాన్న ముందు సీటు వద్దన్నారు. అన్నవరం దాటేదాకా వెనక సీట్లో తాతామనవళ్లు అరచేతులు ఎదురెదురుగా తిప్పుకుంటూనే ఉన్నారు.