త్సుబా కొనేటప్పుడు బొమ్మకంటే ముందు కన్నం చూడండి

"జపాన్ కత్తుల త్సుబాలు ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నాయి, సంతకం ఉన్నవైతే నమ్మి కొనొచ్చా?" అని అడిగారు. సంతకంతో మొదలుపెట్టకండి. పిడికీ అలుగుకీ మధ్య కూర్చునే ఆ బిళ్ల మీద కొంగలో, వెదురో, అలలో చూసి ముచ్చటపడతారు, సంతకం ఎవరితోనో చదివించుకుంటారు, డబ్బు కట్టేస్తారు. అది కత్తికి తొడిగిన వస్తువా కాదా అన్నది మధ్యనున్న కన్నమే చెబుతుంది.

ఆ కన్నాన్ని నకాగో-అనా అంటారు. నిలువుగా, ఒక కొస సన్నగా, రెండో కొస వెడల్పుగా ఉంటుంది. సన్న కొస పదును వైపు, వెడల్పు కొస అలుగు వీపు వైపు. సన్న కొస పైకి పెట్టుకుని పదింతల భూతద్దంతో చూడండి. కన్నానికి పైనా కిందా చిన్న రాగి ముక్కలు దూర్చి కనిపించొచ్చు. అవి సెకిగానే. త్సుబాని వేరే కత్తికి మార్చినప్పుడు వదులు లేకుండా పెట్టేవాళ్లు. కొన్నిటికి రాగి ముక్కల బదులు కన్నం అంచున ఉలి దెబ్బలుంటాయి. ఇనుమును లోపలికి నెట్టి బిగించారన్నమాట. కన్నం చుట్టూ కోలగా, చదునుగా వదిలిన చోటు సెప్పా-దాయ్. సెప్పా అనే పలుచటి రేకు దాన్ని ఒత్తుకుని ఉంటుంది కాబట్టి ఏళ్లు గడిచేసరికి అక్కడి రంగు మిగతా ఇనుముతో కలవదు. నకిలీల్లో తుప్పు అక్కడా ఇక్కడా అని లేకుండా ఒకే నారింజ రంగులో ఉంటుంది, లేదా నగిషీ కన్నం అంచుదాకా పాకి వస్తుంది.

కన్నం శుభ్రంగా ఉన్నంత మాత్రాన నకిలీ అనేయకూడదు. జపాన్ చరిత్రలోని ఎదో కాలం చివర్లో, ఆ తర్వాతి మెయిజీ కాలంలో (సుమారుగా పంతొమ్మిదో శతాబ్దం) అలంకారానికే చేసిన మంచి పనితనం త్సుబాలు కత్తి ఎక్కనే లేదు. అలాంటివాటికి పక్క కన్నాలు చూడాలి. ఎడమది అర్ధచంద్రాకారంలో ఉంటుంది, కొజుకా అనే చిన్న చాకు పిడి కోసం. కుడిది మూడు రేకుల అంచుతో ఉంటుంది, కోగాయ్ అనే, జుట్టు సరిచేసుకునే పుల్ల కోసం. అన్నిటికీ రెండూ ఉండవు. ఉన్నవాటిని సీసంతోనో, షాకుదో అనే నల్లటి మిశ్రలోహంతోనో పూడ్చేయడం మామూలే, దాన్ని లోపంగా చూడకండి.

తర్వాత జాలీ పని గోడలు. చేత్తో కోసి ఆకురాయి పట్టిన గోడ మీద సన్నటి గీతలు తేడాతేడాగా ఉంటాయి. అచ్చులో పోసినదైతే గోడ మధ్యలో అతుకు గీత, చిన్న చిన్న బొడిపెలు, మొద్దుబారిన మూలలు కనిపిస్తాయి. అయస్కాంతం ఇక్కడ పనికిరాదు, పోత ఇనుమూ అంటుకుంటుంది. కొలతలు కూడా అడగండి. పెద్ద కత్తి త్సుబా సుమారు ఏడున్నర, ఎనిమిది సెంటీమీటర్లు, మందం నాలుగైదు మిల్లీమీటర్లు. రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక కత్తుల ఇత్తడి త్సుబాలు, చెర్రీ పూలవి, "సమురాయ్‌ది, నాలుగు వందల ఏళ్లది" అని అమ్ముతున్నారు. 1938 నమూనా సైనిక కత్తి ఫొటో పక్కన పెట్టుకుంటే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ మాట చేర్చి ధర పెంచేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇంకా బాధ కలిగించేది తోమడం. షాకుదో అంటే రాగిలో సుమారు మూడు నుంచి అయిదు శాతం బంగారం. దాని ఊదా ఛాయ నలుపు రంగు పూత కాదు. తురిమిన ముల్లంగి పట్టించి, రాగి చిలుము కలిపిన నీళ్లలో మరిగిస్తే లోహం పైన పుట్టే పొర. మన బిద్రీ నలుపు లాంటిదే అది, చింతపండు పెట్టి తోమితే పోతుంది. మెరుపు కోసం తోమేసిన షాకుదో ఎర్రటి రాగి ముక్కలా మిగులుతుంది, మళ్లీ ఆ రంగు తేవడం ఇంట్లో అయ్యే పని కాదు. ఇనుముకైతే తీగ బ్రష్షు, తుప్పు వదిలించే ద్రావకం రెండూ వద్దు. ఎర్ర తుప్పు ఉన్నచోట ఒక చుక్క నూనె వేసి, జింక కొమ్ము ముక్కతోనో ఎముకతోనో మెల్లగా గీకి, నూలు గుడ్డతో తుడవాలి. నెలలు పడుతుంది. కింది నల్ల పొర మాత్రం నిలుస్తుంది.

కత్తి లేకుండా విడిగా దొరికిందని అనుమానించకండి. 1876లో కత్తి ధరించి తిరగడాన్ని నిషేధించాక ఈ పనివాళ్ల బతుకుతెరువు పోయింది, విడి త్సుబాలు ఐరోపా, అమెరికా సేకర్తలకు చేరాయి. పేరుమోసిన త్సుబా పనివాడు కానో నత్సువో అయితే ఆ నిషేధానికి ముందే ఒసాకా టంకశాలలో కొత్త నాణేల నమూనాలకు పనిచేశాడు.

ఇప్పుడు సంతకం. నొబుయియె, కానెయియె, గోతో, నత్సువో లాంటి పెద్ద పనివాళ్ల పేర్లు దొంగ సంతకాలకు పెట్టింది పేరు. సంతకం లేని మంచి ఇనుప త్సుబా, అనుమానం సంతకం ఉన్నదానికంటే నయం. పెద్ద పేరుకు పెద్ద డబ్బు పెట్టాల్సి వస్తే 1948లో ఏర్పడిన జపాన్ కత్తుల సంరక్షణ సంఘం, ఎన్‌బీటీహెచ్‌కే, ఇచ్చిన పత్రం అడగండి. పత్రం ఉంటే సరిపోదు. దాని మీద ఫొటో ఉంటుంది, అందులోని గుంటలూ గీతలూ మీ చేతిలోని వస్తువుతో ఒక్కొక్కటిగా కలవాలి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉంటే పెట్టెలో సిలికా జెల్ సంచి వేసి, తడిసినప్పుడల్లా మార్చండి. ప్లాస్టిక్ కవర్లో కట్టి, రబ్బరు బ్యాండు మాత్రం వేయకండి. రబ్బరులోని గంధకం వెండి పొదుగును నల్లగా చేసేస్తుంది.