పార్కులో చెక్క మండపం: చెక్కుడు పని తర్వాత, ముందు స్తంభం అడుగు చూడండి

ప్రశ్న: మాది కావలి. మా కాలనీ పార్కులో పొద్దున వాకింగ్ చేసేవాళ్లకి, సాయంత్రం ఆడవాళ్లకి కూర్చునేదానికి నీడ లేదు. చందాలు వేసుకున్నాం, 20 అడుగులకి 20 అడుగుల జాగా ఉంది. సిమెంట్ షెడ్ వద్దు, చెక్కతోనే పెంకుల మండపం కట్టుకుందాం అంటున్నాం. టేకు కొనాలా, సరుగుడు సరిపోద్దా? స్తంభాలకి ఉదయగిరి పనివాళ్ల చేత చెక్కుడు పని చేయిద్దామని కొందరు, తుపానొస్తే లేచిపోద్ది అసలు వద్దని కొందరు. ఏం చేయమంటారు?

జవాబు: చెక్కతోనే కట్టుకోండమ్మా. మే నెల మధ్యాహ్నం సిమెంట్ స్తంభానికి ఒకసారి, చెక్క స్తంభానికి ఒకసారి వీపు ఆనించి చూడండి, తేడా మీకే తెలుస్తది. కాకపోతే మీ ఉత్తరంలో చెక్కుడు పని సంగతి ఉంది గానీ స్తంభం నేలలో ఎట్టా నిలబడాలో ఒక్క ముక్క లేదు, నాకు భయం అక్కడే.

పోయినేడు ఒక ఊళ్లో పార్కు మండపం చూడమని పిలిస్తే పోయా. కట్టి నాలుగేళ్లే అయింది, వాడింది టేకే, పైన పెయింట్ మెరిసిపోతా ఉంది. స్తంభం అడుగున స్క్రూడ్రైవర్ పెట్టి ఊరికే అట్టా నొక్కితే పిడి దాకా దిగిపోయింది, బయటికి లాగితే తడిసిన అటుకుల్లాగా చెక్క ఊడొచ్చింది. ఏం జరిగిందంటే స్తంభాన్ని రెండడుగుల గుంటలో దించి చుట్టూ కాంక్రీట్ పోసేశారు, ఎండకి చెక్క ముడుచుకుని కాంక్రీట్‌కీ దానికీ మధ్య సన్న సందు పడింది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి పడే వానంతా ఆ సందులోకి దిగి బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచిపోయింది. ఇది చూసినప్పటి నుంచీ ఎవరడిగినా మొదటి మాట ఇదే చెప్తున్నా, చెక్కని మట్టిలో పాతొద్దు, కాంక్రీట్‌లో పూడ్చొద్దు.

మనకి గ్రానైట్ క్వారీలుండే చీమకుర్తి దగ్గరే కదా, తొమ్మిది అంగుళాల చదరం, అడుగు ఎత్తు ఉండే గ్రానైట్ దిమ్మెలు చేయించండి, క్వారీవాళ్లు పక్కన పెట్టిన రాయైనా చాలు. దిమ్మె మధ్యలో బెజ్జం వేయించి పునాదిలో నుంచి వచ్చే స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్‌ని అందులో నుంచి పైకి తీసి, దానికి బిగించిన స్టీల్ చెప్పులో, అంటే స్తంభం అడుగుని పట్టుకునే తొడుగులో, స్తంభం నిలబెట్టాలి, రాతికీ చెక్కకీ మధ్య అర అంగుళం గాలి ఆడాలి. మామూలు ఇనుము వద్దు, సముద్రపు గాలికి తుప్పు పట్టిపోద్ది. చెదలు కూడా ఎక్కితే ఆ రాయి మీదుగానే ఎక్కాలి కాబట్టి మట్టి గీత కంటికి కనపడుద్ది, కనపడితే దులిపేసి మందు కొట్టొచ్చు.

ఇంక తుపాను. వద్దన్నవాళ్ల భయం తప్పు కాదు, కానీ దానికి లెక్క ఉంది. గాలి లెక్కల కోడ్ ఐఎస్ 875 మూడో భాగంలో నెల్లూరుకి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగాన్ని ఆ వేగంతోనే గుణించి 0.6 తో గుణిస్తే చదరపు మీటరుకి 1500 న్యూటన్లు, మన భాషలో సుమారు 150 కిలోల తోపు. మంగళూరు పెంకులు చదరపు మీటరుకి సుమారు 40 కిలోలే ఉంటాయి. గోడల్లేని మండపంలో గాలి కింద నుంచి దూరి కప్పుని పైకి లేపుద్ది, అందుకని పెంకుల బరువే కాపాడుద్దిలే అనుకోవద్దు. వాసాన్ని దూలానికి, దూలాన్ని స్తంభానికి, స్తంభాన్ని పునాదికి, ఒకదానికొకటి పట్టీలు, బోల్టులతో కట్టుకుంటా రావాలి, ఒక్కచోట మేకుతో సరిపెట్టినా అక్కడే ఊడుద్ది. చూరు రెండడుగులు మించనీయకండి, అంచు వరసల పెంకులన్నీ తీగతో కట్టించండి. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వైపులా వాలే కప్పు గాలికి బాగా నిలుస్తది, స్తంభానికీ దూలానికీ మధ్య ఏటవాలు అడ్డచెక్కలు మాత్రం మర్చిపోవద్దు.

చెక్క సంగతి. సరుగుడు మన తీరంలో కావలసినంత, పందిళ్లకి దాన్ని మించింది లేదు, కానీ ఏళ్ల తరబడి బయటుంటే పురుగు పడుద్ది, పగుళ్లిస్తది. స్తంభాలకి, దూలాలకి టేకు చేవే కావాలి, పైన తెల్లగా ఉండే భాగం చెదలకి ముద్ద లాంటిది. మీ కొలతకి ఆరంగుళాల చదరం, తొమ్మిదడుగుల ఎత్తు స్తంభాలు ఎనిమిది పడతాయనుకుంటే 18 ఘనపుటడుగులు అవుద్ది. కొత్త దుంగ కొనేముందు పాత మిద్దెలు పడగొట్టేచోట దూలాలు చూడండి, యాభై అరవయ్యేళ్లు ఆరిన కర్ర, ఇంక మెలిదిరగదు. వాసాలకి ముదురు తాడి చేవ చాలు. తుది సైజులు మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరు చేత చెక్క కట్టడాల కోడ్ ఐఎస్ 883 ప్రకారం వేయించండి, నా అంచనాతో కట్టేయొద్దు.

ఉదయగిరి వాళ్లు నర్ది, కలివి లాంటి కర్రతో స్పూన్లు, గరిటెలు చేసేవాళ్లు, వాళ్ల చేతి పని కచ్చితంగా పెట్టండి, కానీ బెంచీల వీపు చెక్కల మీద, వాన తగలని చోట. స్తంభం చెక్కితే బలం తగ్గుద్ది, గుంటల్లో నీళ్లు నిలుస్తాయి.

తూర్పు మొత్తం తెరిచి వదిలేయండి, సాయంత్రం సముద్రపు గాలి అటునుంచే వస్తది. మిగతా మూడు వైపులా బెంచీ వేస్తే 60 అడుగులు, మనిషికి రెండడుగులు లెక్కన 30 మంది కూర్చుంటారు. ఎత్తు 17, 18 అంగుళాలు చాలు, మోకాళ్ల నొప్పులవాళ్లు లేచేదానికి పక్కన చేతిపట్టు ఉండాలి. పడమటి ఎండకి జాలీ పెట్టి మల్లె తీగో సన్నజాజో పాకించండి. ర్యాంప్ అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు, ఇది వదిలేయొద్దు, చక్రాల కుర్చీలో వచ్చే పెద్దాయన కూడా మీతో పాటే కూర్చోవాలి కదా.

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర, నల్లరేగడి నేల. ఇలాంటి మండపమే కడితే పునాది ఎంత లోతు తీయాలి?

జవాబు: నల్లరేగడి వానకి ఉబ్బుద్ది, ఎండకి బీటలిస్తది, పైపైన పునాది వేస్తే ఒక స్తంభం లేస్తది ఇంకోటి దిగుద్ది, పెంకులన్నీ జారిపోతాయి. దీనికోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) వాళ్లు అండర్ రీమ్డ్ పైల్ పద్ధతి తీసుకొచ్చారు, బోరు లాగా తీసి అడుగున ఉల్లిగడ్డ లాగా వెడల్పు చేసి కాంక్రీట్ పోస్తారు, నేల కదలని లోతులో అది పట్టుకుంటది, గాలి పైకి లాగినా ఆపుద్ది. ఎంత లోతన్నది మట్టి టెస్ట్ చేసినాకే చెప్పగలరు.

ప్రశ్న: పొదిలి పార్కులో చెక్క బెంచీలకి వార్నిష్ వేస్తే పొరలు పొరలుగా లేస్తోంది అన్నా, ఏం పూయాలి?

జవాబు: ఆ పొరంతా గీకేసి ఉప్పుకాగితం పట్టి, ఎండ తగ్గినాక అవిసె నూనె గుడ్డతో రుద్దు తమ్ముడూ, ఏడాదికోసారి వానలకి ముందు సెప్టెంబరులో మళ్లీ రుద్దితే చాలు. నూనె గుడ్డల్ని ఉండగా చుట్టి మూల పడేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, నీళ్లలో తడిపి పరిచి ఆరేయాలి.