నెలనెలా జలుబు చేసే పాపతో బెంగళూరు నుంచి రాజమండ్రికి

మీరు అడిగింది ఇదీ: పాపకు పది నెలలు, బరువు 8 కిలోలు, మారతహళ్లిలో డేకేర్‌కు వెళ్తోంది, నెలనెలా జలుబు, ఈమధ్య రెండుసార్లు పిల్లికూతలు కూడా వచ్చాయి. మే నెలలో రాజమండ్రిలో పెళ్లి, రాత్రి రైలు, పది రోజుల మకాం. అక్కడి నీళ్లు పడతాయా, గాలి మార్పుకు దగ్గు తిరగబెడుతుందా అన్నది మీ భయం.

ఇలాంటి పిల్లలనే వేసవి సెలవుల్లో బెంగళూరు నుంచి కోస్తాకు తీసుకెళ్లే వాళ్లం మేము. నీళ్ల గురించీ గాలి గురించీ పడే బెంగ ఎవరూ మనుషుల గురించి పడరు. పాపకు పట్టే జలుబు చాలావరకు ముద్దులాడిన వాళ్ల నుంచి, ఎత్తుకున్న చేతుల నుంచి వస్తుంది. విరేచనాలు ఎక్కువగా కడగని చేతుల వల్ల, సరిగా శుభ్రం చేయని పాలసీసా వల్ల పట్టుకుంటాయి. స్వెట్టర్లూ మంకీ టోపీలూ సర్దడంలో పెట్టే శ్రద్ధ వీటి మీద పెట్టండి.

ముందు ఒక సందేహం తీర్చుకోవాలి. ఈ వయసులో ఏడాదికి 6 నుంచి 8 జలుబులు మామూలే, డేకేర్ పిల్లలకు ఇంకాస్త ఎక్కువే వస్తాయి. మధ్యమధ్యలో పూర్తిగా కోలుకుంటూ, బరువు పెరుగుతూ ఉంటే కంగారు అక్కర్లేదు. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా రావడం, మాటిమాటికీ చెవి నుంచి చీము కారడం, బరువు పెరగకపోవడం, నరానికి యాంటీబయాటిక్ ఎక్కిస్తే తప్ప జ్వరాలు తగ్గకపోవడం, వీటిలో ఏది ఉన్నా అది డేకేర్ జలుబు అనుకుని వదిలేయకండి. టికెట్ల సంగతి తర్వాత, ముందు పిల్లల డాక్టర్‌కు చూపించండి.

ప్రయాణానికి ఆరు వారాల ముందు చేయాల్సిన పని ఫ్లూ టీకా. ఆరు నెలలు నిండిన పిల్లలకు వేయొచ్చు. మొదటిసారి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడాలి, రెండోది పడ్డాక రక్షణ రావడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది, అందుకే ఆరు వారాలు. ఇది ప్రభుత్వ టీకాల్లో లేదు కనుక డబ్బు పెట్టి వేయించుకోవాలి. అదే పూట టీకాల కార్డు కూడా చూపించండి. తొమ్మిది నెలలకు పడాల్సిన మీజిల్స్ టీకా, పాపకు జలుబుగా ఉందని చాలా ఇళ్లలో వాయిదా పడిపోతుంది. మామూలు జలుబుకు టీకా ఆపక్కర్లేదు. పెళ్లిపందిట్లో వందలమంది మధ్యకు వెళ్లే పాపకు అది పడి ఉండాలి.

డేకేర్ విషయం. జలుబు వైరస్ ఒంట్లో చేరాక బయటపడడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. శుక్రవారం రైలైతే సోమవారం నుంచే మాన్పించండి. ఊళ్లో దిగగానే పడిశం పట్టిందంటే దాన్ని చాలాసార్లు బెంగళూరు నుంచే మోసుకెళ్లి ఉంటాం. బయల్దేరే రోజున ముక్కు కారుతున్నా పాప ఆడుతూ పాలు తాగుతుంటే వెళ్లొచ్చు. జ్వరం, ఆయాసం, పాలు సగానికి సగం తగ్గించడం ఉంటే మాత్రం టికెట్లు రద్దు చేసుకోండి. పెళ్లివాళ్లు ఏమనుకుంటారోనన్న మొహమాటం వద్దు.

మందుల సంచిలో సరుకు తక్కువే చాలు, కొలత మాత్రం కచ్చితంగా తెలియాలి. పారాసిటమాల్ వయసును బట్టి కాదు, బరువును బట్టి ఇవ్వాలి: ఒక డోసుకు కిలోకు 15 మిల్లీగ్రాములు. 8 కిలోల పాపకు 120 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుండే డ్రాప్స్ అయితే 1.2 మిల్లీలీటర్లు. 5 మిల్లీలీటర్లలో 120 ఉండే సిరప్ అయితే 5 మిల్లీలీటర్లు, 5లో 250 ఉండేదైతే 2.4 మిల్లీలీటర్లు. తప్పు జరిగేది ఇక్కడే. ఇంటి దగ్గర సిరప్ 5 మిల్లీలీటర్లు పోసే అలవాటుతో, ఊళ్లో కొన్న డ్రాప్స్ కూడా 5 పోస్తే పాప ఒంట్లోకి 500 మిల్లీగ్రాములు వెళ్తుంది. అందుకని మీరు వాడే సీసానే తీసుకెళ్లండి, దాని మీద డోసు పెద్దక్షరాలతో రాసి అంటించండి, చెంచాతో కాకుండా సూది లేని సిరంజితో కొలవండి. డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఉండాలి, 24 గంటల్లో నాలుగు డోసులు దాటకూడదు. జ్వరం త్వరగా దిగుతుందని మందుల షాపులో ఇచ్చే ఇబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ సిరప్‌లు సొంతంగా పోయకండి. ఆ జ్వరం డెంగీ అయితే అవి రక్తస్రావానికి దారితీయొచ్చు.

ముక్కు దిబ్బడకు సెలైన్ చుక్కలు చాలు. పాలకు పది, పదిహేను నిమిషాల ముందు ఒక్కో ముక్కులో రెండు చుక్కలు వేసి, చీమిడి మెత్తబడ్డాక తుడవండి. ముక్కు బిగిస్తే పాప పాలు వదిలేస్తుంది, పాలు తగ్గితే నీరసిస్తుంది, కాబట్టి ఈ చిన్న పనిని తేలిగ్గా తీసుకోవద్దు. దగ్గు సిరప్‌లు అసలు వద్దు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. అయినా పిల్లలకు జలుబంటే అదే చేతిలో పెట్టే షాపులున్నాయి, సీసా మీద పేర్లు చదవండి.

పాపకు పిల్లికూతలు వచ్చాయన్నారు కనుక డాక్టర్ ఇన్‌హేలర్ రాసి ఉంటే స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి డబ్బా), చిన్న మాస్కు తప్పకుండా ఉండాలి. రైల్లో నెబ్యులైజర్‌ను (మందును పొగమంచులా చేసి పీల్పించే కరెంటు యంత్రం) నమ్ముకోవద్దు, బెర్తు పక్క ప్లగ్గులు ఫోన్ల కోసం పెట్టినవి. ఇన్‌హేలర్ బాగా ఊపి, మాస్కు ముక్కూ నోరూ మూసేలా సందు లేకుండా ఆనించి, ఒక్క పఫ్ నొక్కి, పాప ఐదు నుంచి పది శ్వాసలు తీసుకునేదాకా కదపకూడదు. తర్వాతి పఫ్‌కు అర నిమిషం ఆగి మళ్లీ ఊపాలి. రెండు పఫ్‌లు ఒకేసారి నొక్కితే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. స్పేసర్‌ను సబ్బునీళ్లలో ముంచి తీసి గాలికి ఆరబెట్టండి. గుడ్డతో తుడిస్తే స్టాటిక్ కరెంటు పుట్టి మందును లాక్కుంటుంది. ఎన్ని పఫ్‌లు, ఎన్ని గంటలకోసారి అన్నది డాక్టర్ చేత చీటీ మీద రాయించుకోండి.

రైల్లో కింది బెర్తు తీసుకోండి, సైడ్ లోయర్ వద్దు. నడవాలో వెళ్లే ప్రతి ఒక్కరి దగ్గూ తుమ్మూ అక్కడ పడుకున్న పాప మీదుగానే పోతుంది. రైల్వే దుప్పటి పక్కన పెట్టి మీ పాత కాటన్ చీరనో దుప్పటినో పరవండి. కిటికీ అంచు, చిన్న టేబుల్, బెర్తు అంచు తడిగుడ్డతో తుడవండి, పాప నోరు పెట్టేది వాటికే. ఏసీలో రెండు పొరల కాటన్ బట్టలు చాలు. చలి వేస్తోందా లేదా అన్నది చేతులు, పాదాలు పట్టి చూస్తే తెలియదు, మెడ వెనక చేయి పెట్టి చూడండి. చేతులు కడగడానికి ఒక సీసా నీళ్లు, సబ్బు విడిగా పెట్టుకోండి, ఎందుకంటే వాంతులు, విరేచనాలు తెచ్చే కొన్ని వైరస్‌ల మీద శానిటైజర్ సరిగా పనిచేయదు.

డబ్బా పాలు ఇస్తుంటే పొడిని ఒక్కో పూటకు విడివిడిగా, తడిలేని చిన్న డబ్బాల్లో కొలిచి పెట్టుకోండి. మరిగిన నీళ్లు మంచి ఫ్లాస్కులో పోయండి. పొడి కలిపేటప్పుడు నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకూడదు, పొడిలో ఉండే క్రిములు ఆ వేడికి చస్తాయి. కలిపాక సీసాను చల్లనీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేయండి, మణికట్టు మీద రెండు చుక్కలు వేసుకుని చూశాకే పట్టండి. కలిపిన పాలు రెండు గంటల్లో వాడేయాలి, పాప నోరు పెట్టిన సీసాలో మిగిలినవి పారబోయాలి. రాత్రంతా గడిచేసరికి ఫ్లాస్కు నీళ్లు చల్లబడతాయి, తెల్లవారుజామున పూటకు వీలైతే తల్లిపాలే ఇవ్వండి.

తిండికి మామూలు ఉగ్గుపొడి రైల్లో పనికిరాదు. బియ్యం, పెసరపప్పు వేయించి పట్టిన పొడి ఫ్లాస్కు నీళ్లలో ఉడకదు, పచ్చిగానే మిగిలి కడుపునొప్పి తెస్తుంది. అటుకులు వేయించి మెత్తగా పొడి చేసుకెళ్తే వేడినీళ్లు పోసిన ఐదు నిమిషాల్లో జావలా అవుతుంది. అప్పటికప్పుడు ఒలిచిన అరటిపండు ఇంకా సులువు. ఇంటి నుంచి పెరుగన్నం కలిపి తీసుకెళ్లకండి. మే ఎండలో పాడవుతుంది.

రాజమండ్రిలో దిగాక అసలు కష్టం బంధువులతో. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు కాబట్టి గొడవపడకుండా ముందే ఫోన్‌లో చెప్పండి: "అత్తయ్యా, పాపను ఎత్తుకునే ముందు అందరూ చేతులు కడుక్కోవాలని డాక్టర్ గట్టిగా చెప్పారు, ముద్దులు పాదాలకే." నెపం డాక్టర్ మీద వేస్తే ఎవరికీ నొప్పి ఉండదు. జలుబున్న పిల్లలను రెండు రోజులు దూరంగా ఆడించండి. స్నానం చేయించాక సాంబ్రాణి పొగ పట్టడం పిల్లికూతలున్న పాపకు మంచిది కాదు, దోమల చుట్ట కూడా అంతే, దోమతెర కట్టండి. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయనివ్వకండి, ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తేగలదు. కర్పూరం కలిపిన నూనెలు, ఘాటు బామ్‌లు రెండేళ్లలోపు పిల్లలకు వద్దు. కర్పూరం కడుపులోకి పోతే మూర్ఛ వస్తుంది. ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు. దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, నిప్పూ పొగా పాపకు దూరంగా ఉంటే చాలు.

తాగే నీళ్లు మరిగించి చల్లార్చినవి ఇస్తే ఊరు మారినా ఫర్వాలేదు. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. దాన్ని గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం. 200 మిల్లీలీటర్లకు కలిపే చిన్న ప్యాకెట్లు తీసుకెళ్తే వృథా ఉండదు. ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో కొంచెంకొంచెంగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టండి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. తియ్యటి జ్యూస్ ప్యాకెట్లు దీనికి బదులు కావు, చక్కెర ఎక్కువై విరేచనాలు పెరుగుతాయి. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు 14 రోజులు ఇవ్వాలి, విరేచనాలు ఆగినా మధ్యలో మానొద్దు. తల్లిపాలు ఆపొద్దు.

ఊపిరి లెక్కపెట్టడం ఇద్దరూ నేర్చుకోండి. పాప నిద్రలోనో ప్రశాంతంగానో ఉన్నప్పుడు పొట్ట కదలికను నిండు నిమిషం పాటు లెక్కపెట్టాలి. రెండు నెలల నుంచి ఏడాదిలోపు పిల్లలకు నిమిషానికి 50 లేదా ఎక్కువ ఉంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలిరంగుకు తిరిగినా, ఆరు గంటలపాటు మూత్రం పోయకున్నా, మాడు లోపలికి గుంటపడ్డా, పట్టిందల్లా కక్కేస్తున్నా, పిలిస్తే పలకకుండా మగతగా ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. రైల్లో అయితే 139కి ఫోన్ చేసి బోగీ, బెర్తు నంబర్లు చెబితే తర్వాతి స్టేషన్లో డాక్టర్‌ను ఏర్పాటు చేస్తారు. ఊళ్లో 108. అర్ధరాత్రి పిల్లల డాక్టర్ ఉండే ఆసుపత్రి ఏదో దిగిన రోజే అడిగి, దారి ఒకసారి చూసుకుని, టీకాల కార్డు, పాత చీటీల ఫోటోలు ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి.